మగమనిషి మాట

గేటు గడియ తీసిన తీరును బట్టే కోటేష్‌కు తెలిసిపోయింది, వచ్చినవాడు కలిగినవాడని. పాలవాడు తీస్తే టంగుమని కొట్టుకుంటుంది, పక్కింటివాళ్ళు తీస్తే సగంలో ఆగి కీచుమంటుంది, ఈ చెయ్యి మాత్రం తన సొంత గేటే అన్నట్టు నిదానంగా ఆ చివరిదాకా తోసింది. లోపలికి వచ్చింది మొదలు ఒక జత చెప్పులు మాటా పలుకూ లేకుండా కారు చుట్టూ తిరుగుతున్నాయి. కిర్రు, కిర్రు. కొత్త తోలు చెప్పులు, బరువైన మనిషి. మంచంలో వెల్లకిలా పడి ఉన్నవాడికి కిటికీలోంచి కారు మొత్తం కనబడదు, వెనక భాగంలో జానెడు మేర కనబడుతుంది, ఎడమవైపు ఎర్రదీపం, దాని పక్కన పచ్చ నంబరు ప్లేటులో చివరి రెండంకెలు, అంతే. ఆ జానెడే ఆరు నెలలుగా అతనికి మిగిలిన ఆస్తి. పొద్దున దాని మీద ఎండ పడుతుంది, మధ్యాహ్నం కాకి వాలుతుంది, ఇప్పుడు దానికి అడ్డంగా ఒక తెల్లపంచె వచ్చి నిలబడింది. పంచె వంగింది. టైరును గోటితో గీకి చూస్తున్నాడు. టైర్లు గీకేవాడికి బ్యాటరీ సంగతి తెలియదు అనుకున్నాడు కోటేష్, ట్రాక్టర్లు కొన్న చెయ్యి ఇది, ఎడ్లను కొన్న చెయ్యి, ఇంకాసేపుంటే దీని పళ్ళు కూడా లెక్కపెడతాడు. నవ్వొచ్చింది. నవ్వు లోపలే తిరిగి లోపలే ఆగిపోయింది, మొహం మీదికి రాలేదు, ఈ మధ్య ఏదీ రాదు.

"సత్తుపల్లి నుంచి పొద్దుగాల్నే బయలెల్లినట్టుంది సార్. మంచినీళ్ళు తాగుతరా?" అంటోంది సరళ.

"నీళ్ళకేముందిలే అమ్మాయ్. ఇంట్లో మగవాళ్ళెవరూ లేరా?"

"ఉన్నరు. లోపల పండుకున్నరు."

పండుకున్నరు. ఎంత చక్కగా చెప్పింది. నవంబరు నెలలో ఒక ఆదివారం పొద్దున ఖానాపురం హవేలిలోని ఈ ఇంటి ముందు, ఈ కారునే పైపుతో కడుగుతూ కడుగుతూ కోటేష్ పడిపోయాడు. తలలో ఎవరో దీపం ఆర్పినట్టయింది, అంతే, సిమెంటు నేల చెంపకు చల్లగా తగిలింది, కళ్ళెదుట కారు చక్రం, చక్రం అవతల గడప, గడప మీద సరళ పాదాలు. ఆ పాదాలు అక్కడ ఎంతసేపు ఉన్నాయో అతను చెప్పలేడు. నీళ్ళు మాత్రం గేటుదాకా పారి వీధిలోకి దిగాయి. తర్వాత పాదాలు కదిలాయి, కదిలి అతని పక్కనుంచే నడిచి వెళ్ళి ముందు నల్లా కట్టేశాయి. ఫోను ఆ తర్వాతే చేసింది. ఇంకొంచెం ముందు తెచ్చి ఉంటే అన్నాడు డాక్టరు, ఆ వాక్యాన్ని పూర్తి చేయలేదు. మెడ కింద ఇప్పుడేదీ తనది కాదు. నాలుక ఉంది, మాట లేదు. మెత్తగా పిసికి పెడితే మింగగలడు. రెప్పలున్నాయి. దవాఖానాలో కసరత్తు చేయించే పిల్ల ఓపికగా నేర్పింది, అవునంటే ఒకసారి కళ్ళు మూయండి సార్, కాదంటే రెండుసార్లు మూయండి. ఒకటి అవును, రెండు కాదు. కరెంటు డిపార్ట్‌మెంటులో ఇంజనీరు, చర్ల అడవుల్లో తను ఊ అంటే ఊళ్ళకు వెలుగు, ఊహూ అంటే చీకటి, అటువంటివాడికి చివరికి మిగిలిన భాష ఇది. సరళ కూడా ఆ రోజే నేర్చుకుంది. నేర్చుకుని ఇంటికి తీసుకొచ్చిన రోజునుంచే అతన్ని మీరు అనడం మానేసింది. పన్నెండేళ్ళు మీరు, మీరు, మీరు అన్న మనిషి. ఒక్క పూటలో నువ్వు.

బయట బేరం మొదలైంది. తొమ్మిది లక్షలన్నది సరళ. చెంచురామయ్య, అదే ఆ పంచె మనిషి పేరు, నిన్న ఫోన్లో తన పేరూ ఊరూ ఆయిల్‌పామ్ తోట ఎకరాలూ ఒకే ఊపిరిలో చెప్పాడు, ఆయన పెద్దగా దగ్గి ఏడు అన్నాడు. ఏడా. కోటేష్ కొన్నప్పుడు పదిహేనున్నర. షోరూం కుర్రాడు దండ వేసి తాళం చేతిలో పెట్టి ఫోటో తీశాడు, ఫోటోలో సరళ సగమే పడింది, భుజం దగ్గర తెగిపోయింది, పోనీలే అనుకున్నాడు అప్పుడు. టేకులపల్లి అవతల తండాలోకి దాన్ని నడిపిస్తే పిల్లలంతా చప్పుడు లేని బండి చప్పుడు లేని బండి అని వెంట పరిగెత్తారు, అమ్మ సోమ్లి మాత్రం పరిగెత్తలేదు, కొంగుతో చేతులు తుడుచుకుని దగ్గరికొచ్చి దాని మూతిని గేదె మూతిని నిమిరినట్టు నిమిరింది. ఎక్కు అన్నాడు. ఎక్కబోతే ఆగు అన్నాడు. డిక్కీలోంచి యూరియా సంచి తీసి సీటు మీద పరిచి, ఇప్పుడు ఎక్కు అన్నాడు. తప్పేముంది, పొలంనుంచి వచ్చిన మనిషి, కాళ్ళకు బురద, లేత రంగు సీట్లు. అమ్మ ఏమీ అనుకోలేదు. అమ్మలు అనుకోరు. సరళ అనుకుంది, వెనక సీట్లో కూర్చుని అద్దంలోంచి అతన్నే చూసింది. అద్దంలోంచి చూసే ఆడదాన్ని నమ్మకూడదు.

"ఎనిమిదిన్నర జేసుకోండ్రి సార్. మూడేండ్ల బండి. గీ ఆర్నెల్లల్ల గేటు దాటలే."

"ఆర్నెల్లు ఎందుకు దాటలేదమ్మా?"

"తోలేటాయన పడ్డడు గదా. గందుకే."

కిర్రు చెప్పులు ఆగిపోయాయి. "అయ్యో. దీన్లోనే పడ్డాడా? చూడమ్మా, మాలో పట్టింపులుంటాయి. యజమానిని మంచాన పడేసిన బండి. ఇంట్లో మా పద్మావతమ్మ వింటే గేటులోకి రానివ్వదు. ఇంకో యాభై తగ్గాలి."

"బండి పడెయ్యలే సార్. బండి కడుగుతుంటే పడ్డడు. తోల్తుంటే పడలే."

కోటేష్‌కు ఒక్క క్షణం ముచ్చటేసింది. ఇది ఎక్కడ దాచింది ఇంత బేరం? కూరగాయల బండి దగ్గర కొసరు అడగడానికి సిగ్గుపడుతుందని, ఐదు రూపాయలు ఎక్కువ పెట్టి వచ్చిందని ఎన్ని మధ్యాహ్నాలు తిట్టాడు. తిట్టు మీద తిట్టు పేర్చుకుని మెట్లలాగా ఎక్కిందేమో. అతని పడిపోవడాన్ని కూడా సరుకు పక్కన పెట్టి తూచి యాభై వేలు నిలబెట్టింది. నిలబెట్టి ఊరుకోలేదు, "నమ్మకపోతే లోపలికి రాండ్రి, మనిషిని జూడుండ్రి. గట్లున్న మనిషి యాడికని తోల్తడు సార్?" అంది, కిలోమీటర్లు తక్కువ తిరిగిందనడానికి రుజువు అతనే అన్నట్టు. రుజువు మంచంలో పడి వింటోంది. రుజువు కనురెప్ప మీద ఈగ వాలింది.

కిలోమీటర్లూ బ్యాటరీ లెక్కా ఫోనులో చూపిస్తానని సరళ లోపలికొచ్చింది. బీరువా మీదినుంచి అతని ఫోను తీసి, తుడిచి, మంచం మీదికి వంగి అతని మొహానికి ఎదురుగా పట్టుకుంది. మొహం చూస్తేనే తెరుచుకునే ఫోను. పెళ్ళానికి తెలియకూడనివి ఉంటాయి కదా మగవాడికి, అందుకే అంకెలు గింకెలు లేకుండా మొహమే తాళంగా పెట్టుకున్నాడు. ఫోను అతన్ని చూసింది, చూసి వణికి, ఈ మనిషెవరో తెలియదంది. మూతి ఎడమవైపుకి జారింది కదా, చెంప వేలాడుతోంది కదా. సరళ పెదవి కొరుక్కుని ఆలోచించింది. తర్వాత రెండు వేళ్ళతో అతని ఎడమ మూతి కొసను పైకి ఎత్తి, బొటనవేలితో చెంపను చెవివైపు లాగి పట్టుకుంది, గోడ మీద జారిన పటాన్ని సరిచేసినట్టు, అచ్చం పాత కోటేష్ నవ్వుతున్నట్టు. అతను కళ్ళు మూసుకున్నాడు. కళ్ళు మూసుకుంటే ఫోను తెరుచుకోదు. తెరవను. ఇది నా మొహం, నా ఫోను, నా బండి. ఎంత హాయి, ఆరు నెలల్లో మొదటిసారి ఒక పని ఆపగలిగాడు. మూసిన రెప్పల వెనక ఎర్రటి చీకట్లో ఆమె ఊపిరి వినబడింది, ఆమెకు కోపం రాలేదు. గాజులు కదిలాయి, టక్ మంది. నెత్తిన తిరుగుతున్న ఫ్యాను మెల్లమెల్లగా అలిసిపోయి ఆగింది. ఖమ్మంలో మే నెల, పదకొండు గంటల పొద్దు, పైన రేకులున్న గది, ఎండ నిలువునా దిగి రొమ్ము మీద కూర్చుంది. "మూసుకో. ఎంతసేపు మూసుకుంటవో సూస్త," అంది నెమ్మదిగా, బిడ్డకు ముద్ద పెట్టేదాని గొంతుతో. కణతల మీంచి చెమట చెవుల్లోకి పారింది. మెడ కింద దురద మొదలైంది, గోకే చెయ్యి లేదు. పావుగంటో, అరనిమిషమో. తెరిచాడు. ఫోను కిలకిలమని తెరుచుకుంది. ఆమె మూతిని వదిలేసింది, మూతి మళ్ళీ జారిపోయింది. తడి వేళ్ళను అతని దుప్పటికే తుడుచుకుని వెళ్ళిపోయింది. ఫ్యాను వేయలేదు.

లెక్కలు నచ్చినట్టున్నాయి. ఒక చుట్టు తిప్పి చూస్తానన్నాడు చెంచురామయ్య. సరళ ముందు సీట్లో కూర్చున్నట్టుంది, తలుపులు మెత్తగా రెండు పడ్డాయి, ఇంటికి బయటినుంచి తాళం పడింది, కిటికీలోంచి జానెడు ఎర్రదీపం కదిలి మాయమై దాని చోట మందారపు కొమ్మ ఒకటి, ఆరు నెలలుగా కనబడనిది, కనబడింది. ఇప్పుడు ఇల్లు ఖాళీ. వేడీ అతనూ. బండి సందు మలుపు తిరుగుతూ ఉంటుంది, పెద్ద రోడ్డు ఎక్కుతూ ఉంటుంది, కోటేష్ కూడా దాని వెంట వెళ్ళాడు, వెళ్ళడమేమిటి, స్టీరింగు మీద చేతులే ఉన్నాయి, ఎక్కడ గుంత ఉందో తెలుసు, ఎక్కడ కాలు ఎత్తితే అదే మెల్లబడుతుందో తెలుసు. ఆగిపో, అన్నాడు దానితో. ఇక్కడే ఆగిపో, నడిరోడ్డు మీద, వెనక లారీలు కూతలు పెడుతుంటే ఆ పంచె మనిషి దిగి తోయాలి. ఆగుతుందనే ఆశ ఉత్త ఆశ కాదు. కిందటి ఆగస్టులో చర్ల అవతల వాగు పొంగింది. రెండు గట్ల మీదా జనం, చేతులు ఊపుతున్నారు, పోకండి సార్ పోకండి సార్, సంతనుంచి వచ్చిన కోయ ఆడవాళ్ళు తట్టలు దించుకుని నీళ్ళు తీసేదాకా కూర్చున్నారు, క్యాంపు పోలీసులు కూడా జీపు ఆపుకుని బీడీలు కాలుస్తున్నారు. అంతమంది చూస్తుంటే ఆగబుద్ధి కాలేదు. అందరి ముందునుంచీ దించాడు. మోకాళ్ళదాకా, సీటుదాకా, తర్వాత నీళ్ళు పొట్టను తాకాయి, బండి ఒక్కసారి నిట్టూర్చి ఊరుకుంది. ఒక్కడు కూడా నవ్వలేదు, అది అతనికి ఇప్పటికీ మంట. నవ్వితే తిట్టేవాడు. ట్రాక్టరు గొలుసుతో లాగారు. ఆ వాగు సంగతి కంపెనీకి చెప్పకుండా ఊళ్ళో తెలిసిన మెకానిక్కుతో విప్పించి ఆరబెట్టించాడు. వాడు అన్నీ బిగించి, చేతులు తుడుచుకుని, సరళ వినేట్టే చెప్పాడు, బ్యాటరీ పెట్టెలకు చెమ్మ వోయింది సార్, ఇయ్యాల నడుస్తది, రేపు నడుస్తది, ఒకనాడు నడుమ తొవ్వల సచ్చిపోతది, గప్పుడు కొత్త బ్యాటరీ ఏసుడు కంటె బండి పారేసుడు నయం. ఈ మాట తెలిసినవాళ్ళు లోకంలో ముగ్గురు. మెకానిక్కు దుబాయి పోయాడు. మిగిలింది ఇద్దరు. ఒకరికి నోరు లేదు.

చర్ల రోడ్డు అంటే ఇంకొకటి గుర్తొస్తుంది, దాన్ని తలుచుకుంటే ఇప్పటికీ సరదాయే, వెనకనుంచి ఈ బండి వస్తే వినబడదు కదా, ఇప్పపూల తట్ట నెత్తిన పెట్టుకుని పోయే ఆడమనిషి వీపుదాకా మెల్లగా తీసుకెళ్ళి ఒక్కసారిగా హారన్ మీద అరచెయ్యి వేసేవాడు. తట్ట ఎగిరేది. పూలు తారు మీద చెల్లాచెదరయ్యేవి, ఆవిడ కూర్చుని ఏరుకునేది, అద్దంలో చిన్నదై పోయేది. ఒకసారి సరళ పక్కనుంది. ఎందుకండీ అంది. నీకెందుకు అన్నాడు. తర్వాత చాలాదూరం పోడు తగలబెట్టిన పొలాలమీద పొగ. ఆమెకు అప్పుడు నాలుగో నెలో ఐదో నెలో. ఆ ఐదో నెల. ఎందుకొస్తుంది ఇది, రమ్మనలేదు, చెమట కళ్ళలోకి దిగి మండుతుంటే అన్నీ వస్తాయి. ఇంటిముందు కారులోనే కూర్చున్నాడు, ఏసీ వేసుకుని పాటలు పెట్టుకుని, ఇంట్లో ఉక్క. సరళ గోడ పట్టుకుని నడిచి వచ్చింది, చీర వెనక తడిసి ఉంది, కడుపుల పోట్లొస్తున్నయి, దవాఖానకు పోదామండీ అంది. అతను చీర చూశాడు, సీటు చూశాడు. ఛార్జింగు లేదు, జల్దీ ఆటోల పో, నేను ఎనక వస్త అన్నాడు. ఎదురుగా తెర మీద డెబ్బై అని అంకె వెలుగుతోంది. ఆమె తలుపు పట్టుకుని వంగి నిలబడింది కాబట్టి ఆ వెలుగు ఆమె మొహం మీదే పడుతోంది. చూసింది. షేరు ఆటోలో ఆరుగురి మధ్య ఇరుక్కుని వెళ్ళింది. అతను వెళ్ళేసరికి సాయంత్రమైంది, మగపిల్లవాడట, గుడ్డలో చుట్టి ఉంచారు. అయినా ఐదో నెల పిండం కారులో వెళితే మాత్రం బతికేదా? బతకదు. డాక్టర్లే అంటారు. రక్తం పడితే ఆ సీట్లకు పోదు, ఎవరైనా అదే చేస్తారు, చెప్పరు అంతే. భార్గవి ఉంది కదా, ఆడపిల్లయితేనేం, గురుకులంలో బాగా చదువుతోంది, సంక్రాంతికి వచ్చి మంచం పక్కన నిలబడి నాన్నా బాగున్నవా అని అడిగి, ఒక్కసారి కళ్ళు మూస్తే ఎంత సంతోషపడింది. ఎంత సులభంగా నమ్మింది.

ఎర్రదీపం తిరిగొచ్చి కిటికీలో నిలబడింది. ఆగలేదు. దరిద్రపు బండి, ఆగలేదు.

తాళం తీసిన చప్పుడు, హాల్లో కూలర్ వేసిన చప్పుడు, అది వేస్తే చాలు ఇంట్లో మాటలన్నీ ధాన్యం మిల్లులో పడ్డట్టే. ముక్కలు ముక్కలుగా వినబడుతోంది. ఎనిమిదింపావు, అంటున్నాడు చెంచురామయ్య, బాగానే ఉంది, మెత్తగా పోతోంది, కానీ. ఆ కానీ తర్వాత గొంతు పెంచాడు. "ఏమనుకోకు అమ్మాయ్. ఈ కరెంటు బండ్లు నీళ్ళలో దిగితే పనికిరావంట, మా వాళ్ళు మరీ మరీ చెప్పి పంపారు. నువ్వు దిగలేదంటావు. ఆడవాళ్ళతో బేరం చేసి ఇంటికెళ్తే నన్ను నవ్వుతారు. మగమనిషి మాట ఒకటి పడాలి. ఆయన చేత చెప్పించు, ఇప్పుడే ఇక్కడే డబ్బు వేసేస్తా."

"ఆయనకు మాట లేదు సార్."

"మరెలాగ?"

"కండ్లతోని చెప్తడు."

తర్వాత ఇంకేదో చెప్పింది, కూలర్ మింగేసింది. ఆయన ఆహా అన్నాడు. కోటేష్ గుండె, అది ఇంకా తనదే, గబగబా కొట్టుకుంది. వస్తున్నారు. నన్ను అడుగుతారు. ఆరు నెలలకు ఒక మనిషి వచ్చి ఈ ఇంటి యజమాని ఎవడని అడిగాడు. ఏం చెప్పాలి? మొదట వచ్చిన ఆలోచన అబద్ధమే. మునగలేదని చెప్పు, రెండుసార్లు మూయి, అయిపోతుంది. తండ్రి లాల్‌సింగ్ ఏటా సత్తుపల్లి వైపు మిరప కోతలకు పోయి ఇటువంటి పంచెల వాళ్ళ గొడ్లపాకలో పడుకునేవాడు, వాళ్ళ ఆడవాళ్ళు పైనుంచి పోస్తే దోసిట్లో నీళ్ళు తాగేవాడు, అటువంటి ఇంటివాడికి చచ్చిన బండిని ఎనిమిదింపావుకి అంటగట్టడమంటే, ఆహా, ఎంత బాగుంటుంది, లేచి నిలబడినంత బాగుంటుంది. కానీ ఆ డబ్బు ఎవరి చేతిలోకి? మొన్న రాత్రి సరళ తన చెల్లెలు రూప్లితో ఫోన్లో చెప్పిన మాట చెవిలోనే ఉంది. కారు పోనీయవే, దాంట్ల కొన్ని పైసలు అత్తమ్మ చేతిల పెట్టి మనిషిని తండాల దింపొస్త, నాకు ముప్పైనాలుగేండ్లే, ఎంతకాలమని ఎత్తాలె గీ పెంట. తండాలోనా. ఇంజనీరుగారిని నులక మంచంలో వేసి వాకిట్లో పడుకోబెడితే పిల్లలు చుట్టూ చేరి చూడటమా, అమ్మ శోకాలు పెట్టడమా, తను కరెంటు కట్ చేయించిన మోటార్ల వాళ్ళు వచ్చి పరామర్శించడమా. బండి ఇక్కడుంటే తనూ ఇక్కడే ఉంటాడు. కదలని బండీ కదలని మనిషీ. నిజమే చెప్పాలి. నిజం చెప్పడం ఇంత తియ్యగా ఉంటుందని అతనికి ముప్పైతొమ్మిదేళ్ళలో ఎన్నడూ తెలియలేదు.

చెంచురామయ్య మంచం దగ్గరికొచ్చి, వాసనకు కండువా ముక్కు దాకా తెచ్చి, మర్యాద గుర్తొచ్చి దించాడు. కోటేష్ కాలి బొటనవేలిని పట్టుకుని నొక్కి చూశాడు, టైరును చూసినట్టే. "పాపం. ఉన్నా లేనట్టే," అని సరళతో అని, గొంతు బాగా పెంచి, చెవిటివాడితో మాట్లాడినట్టు, "కోటేష్ గారూ! బండి తీసుకుంటున్నానండీ. ఒక్కమాట. ఇది ఎప్పుడైనా నీళ్ళలో మునిగిందా?" అన్నాడు.

సరళ అతని తలవైపు నిలబడింది. ఆమె మొహం అతనికి తలకిందులుగా కనబడుతోంది. ఆ మొహంలో భయం లేదు. ఎందుకు లేదో ఆలోచించే తీరిక లేకపోయింది. కోటేష్ పెద్దాయన కళ్ళలోకి సూటిగా చూసి, ఉన్న బలమంతా రెప్పల్లోకి తెచ్చుకుని, గట్టిగా, నిండుగా, పొరపాటుకు తావు లేకుండా ఒక్కసారి కళ్ళు మూసి తెరిచాడు. అవును. మునిగింది.

చెంచురామయ్య మొహం విప్పారింది. "ఒక్కసారే మూశారు. అంటే లేదనేగా అమ్మా?"

"అవ్ సార్. ఇందాక జెప్పిన గదా. ఒకసారి మూస్తే లేదు, రెండుసార్లు మూస్తే అవ్."

గదిలో వేడి ఒక్కసారిగా చల్లబడ్డట్టు, వాగు నీళ్ళు పొట్టను తాకినట్టు. కాదు. కాదు, మునిగింది, చర్ల వాగులో, వందమంది చూశారు. కోటేష్ రెండుసార్లు మూశాడు. అంతలోనే తన అసలు భాషలో రెండంటే కాదని గుర్తొచ్చి ఒకసారి మూశాడు, ఈయన భాషలో ఒకటే లేదని గుర్తొచ్చి మళ్ళీ రెండు, మూడు, నాలుగు, రెప్పలు చిక్కుబడిన పక్షిలా కొట్టుకున్నాయి. "ఏదో చెప్పాలనుకుంటున్నారమ్మా ఆయన," అన్నాడు చెంచురామయ్య వంగి చూస్తూ. "చెమట వోయింది సార్ కండ్లల్ల. పొద్దటి సంది కరెంటు సరిగ లేదు," అంది సరళ, అని తువ్వాలు తీసి అతని కళ్ళ మీద వేసి, పైనుంచి అరచేత్తో మెత్తగా ఒత్తింది. ఒత్తి అట్లాగే ఉంచింది. నూలు చీకటి, ఆమె చేతి ఉల్లిపాయ వాసన. ఆ చీకట్లోంచి చెంచురామయ్య గొంతు దూరమవుతూ వినబడింది. "అడిగినదానికి ఎంత గట్టిగా చెప్పాడు! మనిషి పడిపోయినా మాటలో తేడా లేదు. నాకిది చాలు. ఎనిమిదిన్నరే తీసుకో తల్లీ, పావు దగ్గర నీతో పేచీ ఎందుకు, మందులకు పనికొస్తాయి."

తర్వాత అంతా జల్దీ జల్దీగా అయిపోయింది. సరళ ఫోను టింగుమంది. అతని బొటనవేలికి సిరా అంటించి ఎక్కడెక్కడో నొక్కించారు, వేలు ఎవరిదో అయినట్టు చూస్తూ ఉన్నాడు. కిటికీలో ఇప్పుడు మందారపు కొమ్మ ఒకటే ఉంది, దాని మీద పువ్వేమీ లేదు.

మధ్యాహ్నం సరళ ఫ్యాను వేసి, పళ్ళెంలో పప్పన్నం మెత్తగా పిసుకుతూ వచ్చి మంచం పక్కన కుర్చీలో కూర్చుంది. తలంటుకున్నట్టుంది, జుట్టు తడిగా ఉంది. చాలాసేపు పిసుకుతూనే ఉంది. "నువ్వు నిజమే జెప్తవని నాకెరుకే," అంది పళ్ళెంలోకి చూస్తూ. "పన్నెండేండ్లు కాపురం జేసిన. నీకు లాభముంటే అబద్ధమాడ్తవు, నాకు నష్టముంటే నిజం జెప్తవు. ఆ ముసలాయనకు ఎర్కలే గనీ, నాకు ఎర్కలేదా?" గొంతులో గెలుపు లేదు, కోపం లేదు, పప్పులో నెయ్యి వేయాలా వద్దా అన్నంత మామూలుగా ఉంది. "సోమారం తండకు పోదాం. బండి మాట్లాడిన, కిరాయి బండి. మీ అమ్మకు ఫోన్ జేసి చెప్పిన, సంబురపడ్డది."

ముద్ద చేసి అతని పెదవుల దాకా తెచ్చింది. పొద్దటినుంచి ఏమీ లేదు, కడుపు వెన్నుకు అంటుకుంది, వెల్లుల్లి వేసిన పోపు వాసనకు నోట్లో నీళ్ళూరి మూతి కొసనుంచి దిండు మీదికి కారాయి.

"ఆకలైతుందా?" అంది.

కోటేష్ ఒకసారి కళ్ళు మూశాడు.

"లేదా? సరే." ముద్ద వెనక్కి పోయింది.

అతనికి అర్థం కావడానికి కొంచెంసేపు పట్టింది. అర్థమయ్యాక, సరే ఇక ఇదే లెక్క కాబోలు, మార్చుకుంటే పోయింది అనుకుని, అభిమానం ఇక ఎక్కడుంది గనుక, నిదానంగా, స్పష్టంగా, రెండుసార్లు కళ్ళు మూసి తెరిచాడు.

సరళ అతని కళ్ళలోకి చూసింది. అద్దంలోంచి కాదు, ఎదురుగా, దగ్గరగా.

"రెండంటే కాదనే గదా," అంది. "దవాఖానల ఆ పిల్ల జెప్పలే?"

కుర్చీ కొంచెం ఫ్యాను కిందికి జరుపుకుని, ఆ ముద్ద తనే నోట్లో పెట్టుకుంది. నములుతూ ఆగి, ఉప్పు కొంచెం తక్కువైందని తనలో తనే అనుకుని, పళ్ళెం ఖాళీ అయ్యేదాకా అక్కడే కూర్చుని తిన్నది.